తప్పు చేసే హక్కు

ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్ ఉన్న రోజు మా గల్లీల్లో టీవీలు తక్కువ సౌండుతో నడుస్తాయి. గోల్ పడితే కేక వేయాలా వద్దా అని మా పిల్లలు ఒక్క క్షణం ఆగుతారు. ఇండియా గోల్ కొట్టినప్పుడు గట్టిగా అరిస్తే 'చూపించుకోవడానికి అరుస్తున్నారు' అంటారు. అరవకపోతే 'చూశారా, నోరు పెగల్లేదు' అంటారు. పక్క వీధిలో ఎవరి పెళ్ళికో కాల్చిన టపాకాయలు కూడా ఆ రాత్రి మా లెక్కలోనే పడతాయి. ఇది మాకు కొత్త సంగతి కాదు. మాలో చాలామంది ఇదివరకే రాశారు, ఇంకా రాస్తారు. అయితే ఇక్కడ మేము మాట్లాడదలచుకున్నది టీవీ ముందు కూర్చున్న మా గురించి కాదు, మైదానంలో నిలబడ్డ పిల్లవాడి గురించి. వాడికి పదిహేడో, పద్దెనిమిదో ఉంటాయి. చేతిలో హాకీ కర్ర ఉంది. వాడు మంచి ఆటగాడిగా ఎదగాలంటే ఏం కావాలి? వాడి పేరు ముస్లిం పేరైనప్పుడు అది వాడికి దొరుకుతుందా?

ఆట నేర్చుకోవడమంటే చాలావరకు తప్పులు చేయడమే. పెనాల్టీ కార్నర్ సంగతి తీసుకోండి. గోల్ లైన్ దగ్గర్నించి ఒకడు బంతిని నెడతాడు. డీ అంచున ఇంకొకడు దాన్ని ఆపుతాడు. మూడోవాడు దాన్ని కర్రతో లాగి గోల్‌లోకి విసురుతాడు. అంతా రెండు మూడు సెకన్లలో అయిపోవాలి. ఆపేవాడి కర్ర కాస్త అటూ ఇటూ అయితే బంతి ఎగిరిపోతుంది, జట్టు పడ్డ కష్టమంతా వృథా అవుతుంది. ఆ ఆపడం నేర్చుకునే లోపల కుర్రవాడు కొన్ని వేలసార్లు ఆపలేకపోతాడు. డిఫెన్స్‌లో ఆడేవాడు ఎప్పుడు కర్ర చాపాలో, ఎప్పుడు చాపకుండా వెనక్కి తగ్గుతూ పోవాలో పుస్తకం చదివి తెలుసుకోలేడు. తొందరపడి చాపుతాడు. ఎదుటివాడు పక్కనించి బంతితో వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడతాడు. ఆ సిగ్గులోంచే తెలుసుకుంటాడు. మంచి కోచ్ అప్పుడు అనే మాట ఒక్కటే: 'మళ్ళీ'.

ఆ 'మళ్ళీ'ని ఒక ఏర్పాటుగా చేసిపెట్టేది ప్రొఫెషనల్ లీగ్. ఒలింపిక్స్ నాలుగేళ్ళకోసారి వస్తాయి. అక్కడ చేసిన తప్పును దిద్దుకోవడానికి నాలుగేళ్ళు ఆగాలి, ఈలోగా జట్టులో చోటే ఉండకపోవచ్చు. లీగ్‌లో అలా కాదు. ఈరోజు పోగొట్టుకున్న మ్యాచ్‌కు రెండు మూడు రోజుల్లో ఇంకో మ్యాచ్ ఉంటుంది. జర్మనీ, నెదర్లాండ్స్, ఆస్ట్రేలియాల నుంచి వచ్చిన ఒలింపిక్ ఆటగాళ్ళు పక్కనే ఉండి ఆడతారు. వాళ్ళు కూడా తప్పులు చేస్తారనీ, చేసిన మరుక్షణం ఆ తప్పును వదిలేసి పరుగెత్తుతారనీ కుర్రవాడు దగ్గర్నించి చూస్తాడు. ఆటగాడి చదువులో ఇది పెద్ద పాఠం.

మన దేశంలో ఇలాంటి లీగ్ నిలకడగా నడవలేదు. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైంది. ఆ ఏడాది పోటీలు మన గచ్చిబౌలిలోనే జరిగాయి. హైదరాబాద్ సుల్తాన్స్ జట్టే గెలిచింది. 2008 తర్వాత అది ఆగిపోయింది. 2013లో హాకీ ఇండియా లీగ్ వచ్చింది, 2017 దాకా నడిచి అదీ ఆగింది. మళ్ళీ 2024 డిసెంబరు 28న మొదలైంది. 2017లో పదిహేడేళ్ళున్న పిల్లవాడికి అది తిరిగి మొదలయ్యేసరికి ఇరవై నాలుగేళ్ళు. తప్పులు చేసి నేర్చుకోవలసిన వయసంతా ఆ ఖాళీలోనే పోయింది. కొత్తగా మొదలైనప్పుడు ఒక మంచి నియమం పెట్టారు. ఒక్కో జట్టులో 24 మంది ఉండాలి, వాళ్ళలో కనీసం 16 మంది ఈ దేశంవాళ్ళు కావాలి, అందులో నలుగురు జూనియర్లు తప్పనిసరి. అంటే ప్రతి జట్టూ నలుగురు పిల్లల తప్పులను భరించడానికి ముందే ఒప్పుకుంది. మేము ఈ నియమాన్ని ఆటకు సంబంధించిన నియమంగానే కాక నీతికి సంబంధించిన నియమంగా కూడా చదువుతున్నాం. ఎదుగుతున్నవాడి తప్పును లెక్కలో ముందే కలుపుకోవాలని అది చెబుతున్నది.

లీగ్‌ను పొగడడం మా ఉద్దేశం కాదు. అది బజారు. 2024 అక్టోబరులో ఢిల్లీలో ఆటగాళ్ళను వేలం వేశారు. కనీస ధర రెండు లక్షలు, అందరికంటే ఎక్కువ పలికిన హర్మన్‌ప్రీత్ సింగ్ ధర 78 లక్షలు. వేలంబల్ల దగ్గర మతం అడగరంటారు. నిజమే కావచ్చు. కానీ ఆ బల్ల దాకా ఎవరు వస్తారన్నది అంతకుముందే తేలిపోయి ఉంటుంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీ గడ్డి మీదనుంచి ఆస్ట్రోటర్ఫ్ మీదికి వెళ్ళింది. అప్పటిదాకా మట్టి మైదానం, ఒక కర్ర, ఒక బంతి ఉంటే చాలు. ఇప్పుడు ఒక టర్ఫ్ వేయడానికి కోట్లు కావాలి, దాన్ని తడపడానికి నీళ్ళు కావాలి. స్పోర్ట్స్ హాస్టల్లో సీటు దొరికినవాడికే ఆ మైదానం. మా మొహల్లాల్లో ఆ వయసు పిల్లలు మెకానిక్ షెడ్లలో, వెల్డింగ్ షాపుల్లో, పళ్ళ బండ్ల దగ్గర ఉంటారు. వాళ్ళకు తప్పు చేసే మైదానమే లేదు. పేరు అడ్డం రావడానికి ముందే పేదరికం అడ్డం వస్తుంది. ఈ సంగతి చెప్పకుండా తర్వాతి సంగతి చెబితే అది పైచదువుల ముస్లిం బాధగా మాత్రమే మిగులుతుంది.

ఇక తర్వాతి సంగతి. 2024-25 సీజన్‌లో హైదరాబాద్ తూఫాన్స్ జట్టు ఫైనల్ దాకా వెళ్ళి బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడింది. ఆ తూఫాన్స్‌లో గొంజాలో పెయాట్ అనే ఆటగాడు ఉన్నాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో అర్జెంటీనాకు బంగారు పతకం తెచ్చిన జట్టువాడు. తర్వాత దేశం మారి జర్మనీకి ఆడాడు. 2023 ప్రపంచకప్ జర్మనీ గెలిచినప్పుడు ఆ జట్టులోనూ ఉన్నాడు. తర్వాత మన హైదరాబాద్ పేరు ఒంటిమీద వేసుకుని ఆడాడు. ఆయనను ఎవరూ ద్రోహి అని అనలేదు, అనకూడదు కూడా. మనిషి బతుకుదెరువు, ఇష్టం, ఆట ఎక్కడికి తీసుకెళితే అక్కడికి వెళతాడు. మేము అడిగేది ఒక్కటే. రెండు దేశాలకు ఆడినవాడి నిజాయితీని మనం ఇంత సులువుగా నమ్మగలిగినప్పుడు, పుట్టినప్పటినుంచి ఒకే దేశంలో ఉన్నవాడి నిజాయితీ ఎందుకు అనుమానమవుతుంది?

దీనికి జవాబు ఆటలో లేదు, 1947లో ఉంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఇండియాకు బంగారు పతకం తెచ్చిన జట్టులో అఖ్తర్ హుసేన్, లతీఫుర్ రహ్మాన్ ఉన్నారు. 1956 వచ్చేసరికి ఇద్దరూ పాకిస్తాన్ జట్టులో ఉన్నారు, ఆ దేశం తరఫున వెండి పతకం అందుకున్నారు. వాళ్ళు వెళ్ళారు. వెళ్ళినవాళ్ళ అప్పు ఉండిపోయినవాళ్ళ ఖాతాలో రాశారు. ఇక్కడే ఉండిపోయిన మా తాతలు, వాళ్ళ పిల్లలు, ఆ పిల్లల పిల్లలు దాన్ని కట్టుకుంటూ వస్తున్నారు. మైదానంలోకి దిగే ముస్లిం కుర్రవాడికి మిగతా పదిమందికి లేని ఈ బాకీ పుట్టుకతో వస్తుంది.

1975 మార్చి, కౌలాలంపూర్. ప్రపంచకప్ సెమీఫైనల్లో ఇండియా మలేషియా మీద 1-2తో వెనకబడి ఉంది. ఆట అయిపోవచ్చింది. పెనాల్టీ కార్నర్ దొరికింది. బెంచీ మీద కూర్చున్న అస్లం షేర్ ఖాన్‌ను లోపలికి పంపారు. భోపాల్ వాడు, వయసు ఇరవై ఒకటో ఇరవై రెండో. ఆయన తండ్రి అహ్మద్ షేర్ ఖాన్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో గెలిచిన జట్టువాడు. అస్లం మెడలోని తాయెత్తును ముద్దు పెట్టుకుని బంతిని కొట్టాడు. గోల్ అయింది. ఆ తర్వాత అదనపు సమయంలో ఇండియా గెలిచింది, ఫైనల్లో పాకిస్తాన్‌ను 2-1తో ఓడించింది. ఇప్పటిదాకా ఇండియా గెలిచిన పురుషుల హాకీ ప్రపంచకప్ అదొక్కటే. ఆ తాయెత్తు కథను ఈ దేశం యాభై ఏళ్ళుగా ప్రేమగా చెప్పుకుంటున్నది. మేమూ చెప్పుకుంటాం. కానీ చెప్పుకున్న ప్రతిసారీ మాకు ఒక ఆలోచన వస్తుంది. ఆ బంతి గోల్‌పోస్టుకు తగిలి బయటికి పోయి ఉంటే? అదే తాయెత్తు, అదే ముద్దు, అదే కుర్రవాడు. అప్పుడు ఆ తాయెత్తు గురించి ఏం మాట్లాడుకునేవారు? దువా చేసిన పెదవులు గోల్ పడితే భక్తి, పడకపోతే సాక్ష్యం అయిపోతాయా?

ఇది మా ఊహ మాత్రమేనని కొట్టిపారేయకండి. 1982 డిసెంబరు 1న ఢిల్లీ ఏషియన్ క్రీడల ఫైనల్లో ఇండియా పాకిస్తాన్ చేతిలో 1-7తో ఓడిపోయింది. గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగీ. పాకిస్తాన్‌కు అమ్ముడుపోయాడని ఆయన మీద నింద వేశారు. ఎవరూ ఏదీ రుజువు చేయలేదు, అయినా ఆ నింద ఆయన్ని ఏళ్ళ తరబడి వెంటాడింది. నేగీ ముస్లిం కాడు. 1998 బ్యాంకాక్ ఏషియన్ క్రీడల్లో ఇండియా బంగారు పతకం గెలిచినప్పుడు ఆయన జట్టుకు గోల్‌కీపింగ్ కోచ్‌గా ఉన్నాడు. 2007లో 'చక్ దే ఇండియా' సినిమా వచ్చినప్పుడు అందరికీ ఆయనే గుర్తొచ్చాడు. కానీ ఆ సినిమాలో నిందపడ్డవాడు కబీర్ ఖాన్ అనే ముస్లిం కెప్టెన్. పాకిస్తాన్ మీద పెనాల్టీ స్ట్రోక్ తప్పుతాడు, ఇంటి గోడ మీద గద్దార్ అని రాస్తారు, తల్లితో కలిసి ఇల్లు వదిలిపోతాడు. హిందువు మీద పడ్డ నిందను ముస్లిం మీదికి మార్చాలని సినిమావాళ్ళకు ఎందుకు తోచింది? చూసేవాళ్ళు ప్రశ్న అడక్కుండా నమ్మడానికి ముస్లిం పేరు ఒక్కటి చాలు కనక. మా పిల్లల పరిస్థితి గురించి ఆ సినిమా ఈ రకంగా నిజం చెప్పింది.

తర్వాత అదే సినిమా మమ్మల్ని కష్టపెట్టే ఇంకో మాట కూడా చెప్పింది. ఏడేళ్ళ తర్వాత కబీర్ ఖాన్ ఆడపిల్లల జట్టును ప్రపంచకప్ గెలిపించి తిరిగి వస్తాడు, గల్లీవాళ్ళు స్వాగతం చెబుతారు. హాల్లో మేమూ ఏడ్చాం, చప్పట్లు కొట్టాం. ఇంటికొచ్చాక ఆలోచించాం. ఆ ఆడపిల్లలు ఫైనల్లో ఓడిపోయి ఉంటే ఆ గోడ మీది రాత అలాగే ఉండేదన్నమాట. ఒక మనిషి నిర్దోషి అని తేలడానికి అతను నేరం చేయలేదన్న నిజం చాలలేదు, ప్రపంచకప్ కావలసి వచ్చింది. గెలిచినందుకు వచ్చే క్షమాపణ క్షమాపణే కాదు. అది వచ్చే ఓటమి దాకా ఇచ్చిన గడువు.

ఇక్కడ మా మతంలో మేము చిన్నప్పటినుంచి విన్న ఒక మాట పనికొస్తుంది: నియ్యత్. పని విలువ సంకల్పాన్ని బట్టి ఉంటుందని మా పెద్దలు చెబుతారు. నమాజుకైనా, ఉపవాసానికైనా, దానానికైనా మొదట నియ్యత్ కావాలి. అది మనసులో ఉంటుంది. దాన్ని చూడగలిగేవాడు అల్లా ఒక్కడే. ఆట ఫలితం స్కోరుబోర్డు మీద కనిపిస్తుంది, దేశం మీది ప్రేమ కనిపించదు. కనిపించనిదాన్ని కనిపించేదానితో కొలవడం మొదలుపెడితే అన్యాయం తప్పదు. బంతి ఎందుకు పోస్టుకు తగిలిందంటే మణికట్టు కాస్త ఆలస్యంగా తిరిగింది కనక, టర్ఫ్ తడి ఆరిపోయింది కనక, కుర్రవాడు అలసిపోయాడు కనక. ఆ కారణాలన్నీ అందరికీ వర్తిస్తాయి. ఒక్క పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కారణం వెతకడం మానేసి నియ్యత్ వెతుకుతారు. మతం నమ్మని మిత్రులకు ఇదే మాటను ఇంకోలా చెబుతాం. ఎన్నిసార్లు రుజువు చేసినా మళ్ళీ రుజువు చేయమనేది పరీక్ష కాదు, శిక్ష.

ఈ శిక్షకు గురయ్యేది ముస్లింలొక్కరే అని మేము అనం. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో వందనా కటారియా దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి భారతీయ మహిళా హాకీ క్రీడాకారిణి ఆమె. నాలుగు రోజుల తర్వాత, ఆగస్టు 4న, జట్టు సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో ఓడింది. హరిద్వార్ దగ్గరి రోష్నాబాద్‌లో ఆమె ఇంటి ముందు టపాకాయలు కాల్చి, కులం పేరుతో తిట్టి, జట్టులో దళితులు ఎక్కువైనందుకే ఓడిందన్నారు. మూడు గోల్స్ కొట్టినప్పుడు ఆమె దేశం బిడ్డ, ఓడినప్పుడు దళితురాలు. అదే ఏడాది అక్టోబరులో దుబాయ్‌లో పాకిస్తాన్ మీద క్రికెట్ మ్యాచ్ పోయినప్పుడు మహమ్మద్ షమీని తిట్టినవాళ్ళూ, 2022లో ఒక్క క్యాచ్ వదిలినందుకు అర్ష్‌దీప్ సింగ్‌ను ఖలిస్తానీ అన్నవాళ్ళూ ఇదే భాష మాట్లాడారు. గెలుపును అందరూ పంచుకుంటారు. ఓటమికి మాత్రం కులం, మతం వెతుకుతారు.

మన హైదరాబాద్ కుర్రవాడు, ఆటోడ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్ సంగతి కూడా చెప్పాలి. 2025 ఆగస్టు 3న, లండన్ ఓవల్ టెస్టులో, హ్యారీ బ్రూక్ కొట్టిన బంతిని పట్టుకుని బౌండరీ తాడు మీద కాలు వేశాడు. బ్రూక్ ఆ తర్వాత సెంచరీ చేశాడు, మ్యాచ్ చేజారిపోయేలా కనిపించింది. ఆ రాత్రి మా ఇళ్ళలో ఆట గురించిన బాధ కాక ఇంకో భయం పుట్టింది. ఆ భయం ఏమిటో ఈ వ్యాసం చదువుతున్న ముస్లిం పాఠకులకు వివరించనక్కర్లేదు. మర్నాడు పొద్దున సిరాజ్ వికెట్లు తీశాడు, ఇండియా ఆరు పరుగులతో గెలిచింది. అతనికి 'మళ్ళీ' దొరికింది. కెప్టెన్ బంతి ఇచ్చాడు, జట్టు నమ్మింది. ఇలా ఉండాలి. కానీ మా భయం ఆ ఆరు పరుగుల వల్ల పోకూడదు. ఆరు పరుగులతో ఓడిపోయి ఉన్నా అక్కర్లేని భయమై ఉండాలి.

ఇక మా సెక్యులర్ మిత్రులతో ఒక మాట. మమ్మల్ని ఎవరైనా అనుమానించినప్పుడు మీరు మా తరఫున ఒక జాబితా చదువుతారు. అస్లం షేర్ ఖాన్, జఫర్ ఇక్బాల్, మహమ్మద్ షాహిద్ అంటారు. హైదరాబాద్‌వాళ్ళయితే సయ్యద్ అబ్దుల్ రహీం పేరు చేరుస్తారు. 1948 సెప్టెంబరులో పోలీసు యాక్షన్ జరిగి ఈ నగరంలో ప్రతి ముస్లింనూ రజాకారుగా చూసిన కాలానికి రెండున్నరేళ్ళ తర్వాత, 1951లో, ఏషియన్ క్రీడల్లో ఇండియా ఫుట్‌బాల్ జట్టుకు బంగారు పతకం తెచ్చిన కోచ్ ఆయన. 1962లో జకార్తాలో మళ్ళీ తెచ్చాడు. ఈ జాబితా నిజమే, మాకు గర్వమే. మీ ప్రేమను మేము శంకించడం లేదు. అయితే ఆ జాబితా చదివిన ప్రతిసారీ అవతలివాడి ప్రశ్నను మీరు ఒప్పుకున్నట్టవుతుంది. పతకం తేనివాడి సంగతేమిటి? జిల్లా జట్టు దాకా వచ్చి అక్కడే ఆగిపోయిన వేలమంది మా పిల్లల సంగతేమిటి? షాహిద్ 1979లో జూనియర్ ప్రపంచకప్ ఆడాడు, మరుసటి ఏడాది ఇరవై ఏళ్ళకు మాస్కోలో బంగారు పతకం అందుకున్నాడు, బెనారస్‌లో రైల్వే ఉద్యోగం చేసుకుంటూ బతికి 2016లో కన్నుమూశాడు. అంత గొప్ప డ్రిబ్లింగ్ చేసే చేతులు వందేళ్ళకొకసారి పుడతాయి. పౌరసత్వం అంత అరుదైన విద్య మీద ఆధారపడకూడదు. సాధారణ ముస్లిం కూడా, ఆట రాని ముస్లిం కూడా, ఈ దేశంలో నిశ్చింతగా ఓడిపోగలగాలి. మేము కూడా పైన ఆ పేర్లన్నీ రాశామని మాకు తెలుసు. ఆ అలవాటు మాలోనూ ఎంత లోతుగా ఉందో చూడండి.

మమ్మల్ని మేము వదిలిపెట్టుకోవడం న్యాయం కాదు. ముస్లిం కుర్రవాడు జట్టులోకి రాగానే 'మనవాడు' అని మేము వాడి భుజం మీద ఎక్కి కూర్చుంటాం. వాడు గడ్డం పెంచితే మెచ్చుకుంటాం, పెంచకపోతే సణుగుతాం. గోల్ కొట్టి సజ్దా చేస్తే వీడియో పదిమందికి పంపుతాం. మా ఇజ్జత్ అంతా వాడి కర్ర మీద పెడతాం. అవతలివాళ్ళు ఓటమిని కౌమ్ ఖాతాలో రాస్తే మేము గెలుపును కౌమ్ ఖాతాలో రాస్తున్నాం. పద్దు రాసే పద్ధతి ఒక్కటే. మధ్యలో ఆ పిల్లవాడికి తనదంటూ ఒక్క తప్పు కూడా మిగలదు.

ఆడపిల్లల విషయంలో మేము ఇంకా వెనకబడి ఉన్నాం. లక్నోలో కూరగాయలమ్మే కుటుంబంలో పుట్టిన ముంతాజ్ ఖాన్ 2022 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికాలో జరిగిన జూనియర్ ప్రపంచకప్‌లో ఎనిమిది గోల్స్ కొట్టింది. క్వార్టర్ ఫైనల్లో ఆమె గోల్ కొడుతున్నప్పుడు తల్లి బండి దగ్గర కూరగాయలు అమ్ముతున్నదని పత్రికలు రాశాయి. ఆ ఏడాది అంతర్జాతీయ హాకీ సమాఖ్య ఆమెను ఎదుగుతున్న క్రీడాకారిణిగా గౌరవించింది. మేమంతా ఆ వార్త చదివి మురిసిపోయాం. కానీ మా ఇళ్ళలో పన్నెండేళ్ళ ఆడపిల్ల నిక్కరు వేసుకుని టర్ఫ్ మీదికి వెళతానంటే ఏమంటున్నాం? 'లోకం ఏమంటుంది బేటీ' అంటున్నాం. ఆమె తప్పు చేస్తుందేమోనన్న భయంతో అసలు ఏమీ చేయకుండా ఆపుతున్నాం. బయటివాళ్ళు మా కొడుకులకు ఇవ్వని హక్కునే మేము మా కూతుళ్ళకు ఇవ్వడం లేదు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. తప్పు చేసే హక్కు కావాలనేవాళ్ళకు తప్పును తప్పని ఒప్పుకునే బాధ్యత కూడా ఉంటుంది. ఫామ్ పోయినవాడిని జట్టులోంచి తీస్తే అది ప్రతిసారీ వివక్ష కాదు. ప్రాక్టీసు మానేసినవాడిని కోచ్ తిడితే అది మతం మీద దాడి కాదు. మా పిల్లవాడి బలహీనతను మేమే కప్పిపెట్టి 'ముస్లిం కనకే ఇలా చేశారు' అని అరిస్తే, నిజంగా వివక్ష జరిగిన రోజున మా మాట వినేవాడుండడు. అంతకంటే ముఖ్యం, ఆ పిల్లవాడు ఆట నేర్చుకోడు. అనుమానం వాడిని ఎదగనివ్వదు. మా వెనకేసుకురావడం కూడా ఎదగనివ్వదు.

లీగ్ ఈ చిక్కును విప్పుతుందా? కొంతవరకే. క్లబ్ జట్టు దేశం కాదు కనక అక్కడ కుర్రవాడు కొంత ఊపిరి పీల్చుకుంటాడు. ఓడితే పోయేది ఒక యజమాని డబ్బు, ఒక నగరం సరదా. ఎవరి వతన్ ఏమిటని ఎవరూ అడగరు. కానీ ఆ గోడ ఎంత పలచనిదో కూడా చూశాం. 2013 జనవరిలో హాకీ ఇండియా లీగ్ మొదటి సీజన్‌కు తొమ్మిదిమంది పాకిస్తాన్ ఆటగాళ్ళు వచ్చారు. సరిహద్దులో ఉద్రిక్తత పెరిగింది, మైదానాల దగ్గర నిరసనలు జరిగాయి. లీగ్ మొదలైన రోజుల్లోనే వాళ్ళను వెనక్కి పంపేశారు. వాళ్ళతో కలిసి డ్రెస్సింగ్ రూములో కూర్చోవలసిన మన కుర్రవాళ్ళు ఏం నేర్చుకుని ఉండేవారో మనకు తెలియదు. బజారుకు మతం లేదన్నది నిజమే, కానీ దానికి ధైర్యం కూడా లేదు. కాబట్టి మేము అడుగుతున్న హక్కు వేలంబల్ల మీద దొరకదు. అది బడి మైదానంలో, గల్లీలో, టీవీ ముందు కూర్చున్నవాళ్ళ మాటల్లో దొరకాలి.

మాలో ఒకరి చిన్నప్పటి సంగతి చెప్పి ముగిస్తాం. జిల్లా బడుల పోటీలకు జట్టును ఎంపిక చేస్తున్నారు. కుర్రవాడు బాగానే ఆడాడు. చివర్లో ఒక సులువైన బంతిని ఆపలేకపోయాడు. ఆట నేర్పే మాస్టారు నవ్వుతూ, 'ఏరా, అవతలి జట్టు మీవాళ్ళదనుకున్నావా?' అన్నాడు. అందరూ నవ్వారు. మాస్టారు చెడ్డవాడు కాడు. ఆ కుర్రవాడికి కర్ర కొనిచ్చింది కూడా ఆయనే. ఆయనకు ఆ మాట మరుక్షణం గుర్తుండి ఉండదు. కుర్రవాడు మర్నాటి నుంచి మైదానానికి వెళ్ళలేదు. వాళ్ళ అమ్మీ అడిగితే కడుపునొప్పి అన్నాడు. అబ్బా అడిగితే చదువుకోవాలి అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు మాకు చెప్పాడు. ఆరోజు మాస్టారు 'ఏరా వెధవా, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు? మళ్ళీ ఆపు' అని తిట్టి ఉంటే తాను ఇంకా ఆడుతూ ఉండేవాడినేమో అన్నాడు.

మేము పొగడ్తలు కోరడం లేదు. రిజర్వు చేసిన గౌరవం కోరడం లేదు. బంతి ఆపలేకపోయిన మా పిల్లవాడిని బంతి ఆపలేకపోయిన పిల్లవాడిగానే తిట్టండి. తిట్టి, మళ్ళీ ఆపమనండి.